లౌకిక ఆషాఢం

ముందస్తు భోజన సంస్థలో ఋతు ధోరణుల విభాగం అని ఒకటుందని ఆ సంస్థలోనే చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు దాన్ని వానాకాలం సెక్షన్ అనేవారు, ఎందుకంటే మేడ మీద ఆ గది పైకప్పు కురిసేది. ఆ గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, ఒక బాల్చీ, ఒక శశిధర్ ఉండేవారు.

సంస్థ పని సులువైనదే. రాజమండ్రి వాసులు పొద్దున్నే ఫోనులో భోజనం చెప్పుకోవాలి. మధ్యాహ్నం దగ్గర్లోని కౌంటరుకు వెళ్ళి పొట్లం తీసుకోవాలి, లేదా ఇంటికి తెప్పించుకోవాలి. ఇందులో సర్కారు వేలు పెట్టడం ఎందుకని అడిగిన వాళ్ళు లేకపోలేదు. ప్రజలు తమ ఆకలిని ముందుగా తెలియజేస్తే పాలన సులభమవుతుందని పైవాళ్ళకు ఎవరో చెప్పారట. అందుకని సంస్థ పుట్టింది. సంస్థ పుట్టాక ఒక భవనం, భవనం లేచాక అందులో కూర్చోడానికి మేనేజింగ్ డైరెక్టరు దక్షిణామూర్తి గారు వచ్చారు.

ఏ కాలంలో జనం ఏం తెప్పించుకుంటారో, ఎందుకు తెప్పించుకుంటారో కనిపెట్టి రాయడం శశిధర్ ఉద్యోగం. ఎండాకాలం మజ్జిగ, కార్తీకంలో ఉల్లిపాయ లేని కూరలు అని అతను రాసేవాడు. ఇవి ఊళ్ళో అందరికీ తెలిసినవే. అయితే సంస్థలో రిపోర్టు వచ్చేదాకా తెలిసిన విషయం కూడా తెలియనట్టే లెక్క. అందులోనూ కారణం రాయడం తప్పనిసరి. కారణం తేలని ధోరణి మీద పైసా ఖర్చు పెట్టడానికి వీల్లేదని ఆడిట్ వాళ్ళ నిబంధన.

మబ్బు పడితే మిరపకాయ బజ్జీలకు గిరాకీ పెరుగుతుందని, దానికి కారణం చల్లగాలి అని శశిధర్ కిందటేడు రాశాడు. వెంటనే ఉత్తర్వు వచ్చింది: "వర్షము కురియుటకు ఒక దినము ముందుగా నమోదు చేసుకొనినవారికి మాత్రమే వర్షదినమున బజ్జీలు సరఫరా చేయబడును." మబ్బు చూసి నమోదు చేసుకుంటే మర్నాడు ఎండ కాసేది. ఆ ఏడు వానాకాలం అంతా బజ్జీలు ఎండలోనే తిన్నారు జనం. శశిధర్‌కు కాస్త నొచ్చింది గానీ, తప్పు తనది కాదని సర్దుకున్నాడు. కారణం చెప్పడం వరకే తన పని, దాంతో పైవాళ్ళు ఏం చేసుకుంటారన్నది తనకెందుకు?

ఈ ఏడు వైశాఖంలో శశిధర్‌కు పెళ్ళయింది. పెళ్ళికూతురు ప్రసూనది కొవ్వూరు. అంటే గోదావరికి అవతలి ఒడ్డు, వంతెన దాటితే అత్తవారిల్లు. జ్యేష్ఠమంతా కొత్త కాపురం ముచ్చటగా సాగింది. ఆషాఢం వస్తోందనగా మామగారు కారు వేసుకొచ్చి కూతుర్ని పుట్టింటికి తీసుకుపోయారు. కొత్త కోడలు ఆషాఢంలో అత్తవారింట ఉండకూడదు, కొత్త అల్లుడు ఆ నెల అత్తగారి గడప తొక్కకూడదు. మండపేటలో ఉన్న శశిధర్ తల్లికి, కొవ్వూరులో ఉన్న అత్తగారు వరాలమ్మకు పెళ్ళిచూపుల నాటి నుంచి ఒక్క విషయంలోనూ పొత్తు కుదరలేదు. ఈ ఒక్కదానిలో మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు.

ఇంట్లో ఒక్కడే మిగిలిన శశిధర్, తన సంస్థ నుంచే తనకో ఒంటి భోజనం ఇంటికి తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఆ పొట్లం విప్పుతూ ఒకనాడు అనుమానం వచ్చి మర్నాడు ఆఫీసులో లెక్కలు తీశాడు. అనుమానం నిజమే. ఆషాఢం పాడ్యమి నుంచి ఒంటి భోజనాల గిరాకీ ఏటా ఉన్నపళంగా లేచేది. శ్రావణం రాగానే చతికిలపడేది. కారణం అతనికి వెతకనక్కర్లేదు, ఇంట్లోనే ఉంది. ఇంట్లో ప్రసూన లేదు గనుక కారణం ఉందని అతనికి తెలుసు. రాసి పైకి పంపాడు.

సమీక్షా సమావేశంలో దక్షిణామూర్తి గారు ఆ రిపోర్టు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూశారు.

"ఇక్కడ మనం గమనించాల్సిందేమిటంటే, వినియోగదారుడు సకుటుంబంగా ఉన్నప్పుడు సంస్థకు నష్టం. ఒంటరిగా ఉన్నప్పుడు లాభం. అంతేనా?"

"అంతేనండి," అన్నాడు శశిధర్.

"మరి మన ప్రధాన పోటీదారు ఎవరు?"

వాణిజ్య విభాగాధికారి గొంతు సవరించుకుని, బస్టాండు దగ్గర మెస్సులేమో అన్నాడు.

"కాదు. శ్రావణ మాసం," అన్నారు దక్షిణామూర్తి గారు. "వ్యవస్థీకృతమైన పోటీ ఇది. నెల నెలంతా మన ఖాతాదారులను భార్యల దగ్గరకు మళ్ళిస్తోంది. దీన్ని సమగ్ర దృక్పథంతో ఎదుర్కోవాలి."

ఎదుర్కోవడం అంటే ఆషాఢాన్ని పొడిగించడమని తీర్మానమయింది. పంచాంగం తెలిసిన సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆయన బొట్టు సర్దుకుని, అధిక మాసం దానంతటదే రావాలి గానీ ఆఫీసు అడిగిందని రాదని చెప్పాడు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య లెక్క తేడా వచ్చినప్పుడే వస్తుందన్నాడు.

"అంటే వాళ్ళిద్దరి సమన్వయ లోపానికి మేము నష్టపోవాలా?" అన్నారు దక్షిణామూర్తి గారు.

"శాస్త్రం ఒప్పుకోదండి."

"మిమ్మల్ని సంస్థకు కాల సలహాదారుగా నియమిస్తున్నాం. ఏసీ గది, కారు ఉంటాయి."

సిద్ధాంతి గారు మంచినీళ్ళు తాగాడు. పంచాంగం మూశాడు. "శాస్త్రంలో ఉన్నదాన్ని మార్చకూడదు గానీండి, శాస్త్రంలో లేనిదాన్ని పెట్టుకుంటే కాదనే శ్లోకం ఎక్కడా లేదు. అసలు ఆషాఢాన్ని అలా వదిలేద్దాం. దాని వెనకాల లౌకిక ఆషాఢం అని ఒకటి పెట్టుకోండి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శశిధర్ కూడా కొట్టాడు. సగంలో ఏదో స్ఫురించి చేతులు దించేసుకున్నాడు.

ఉత్తర్వు మర్నాడే వెలువడింది. తదుపరి ఉత్తర్వుల వరకు లౌకిక ఆషాఢం అమలులో ఉండును. కొత్త పెళ్ళికూతుళ్ళు పుట్టింటనే ఉండుట ప్రోత్సహించబడును. ఇందుకు పుట్టింటి గౌరవ పథకం కింద ప్రతి సాయంత్రం ఆ ఇళ్ళకు పూతరేకులు ఉచితంగా పంపబడును. పెళ్ళికూతురు స్వయంగా గుమ్మంలోకి వచ్చి అందుకోవలెను. రాకపోయినచో ఆమె అత్తవారింటికి వెళ్ళినట్టు భావించి పూతరేకులు వెనుకకు తీసుకొనబడును. సంస్థ ఉద్యోగులు ఆదర్శంగా నిలిచి ఈ నియమమును విధిగా పాటించవలెను.

శ్రావణం పాడ్యమి నాటి ఉదయం శశిధర్ కొవ్వూరుకు ఫోను చేశాడు. వరాలమ్మ తీసింది.

"అత్తయ్యగారూ, రేపు వచ్చి ప్రసూనని తీసుకెళ్దామనుకుంటున్నానండి."

"అయ్యో బాబూ, మీ ఆఫీసోళ్ళే కదా ఇంకొన్నాళ్ళు ఉంచుకోమన్నారు. సర్కారు అంత మర్యాదగా అడిగితే కాదంటే ఏం బాగుంటుంది చెప్పండి. పూతరేకులు కూడా మంచివే పంపుతున్నారు. మీ మామగారు సాయంత్రం అయ్యేసరికి వీధరుగు మీదే కూర్చుంటున్నారు."

తర్వాత ఫోను ప్రసూన చేతికి వచ్చింది. "ఆ రిపోర్టు రాసింది మీరే కదండీ?" అంది నెమ్మదిగా.

"రాసింది నేనే. కానీ పొడిగించమని నేను రాయలేదు. కారణం రాశానంతే."

"మీరు రాసిన కారణం నేనేనండి. ఇక్కడ రోజూ గుమ్మంలో నిలబడి పూతరేకులు అందుకుంటున్నాను." మళ్ళీ తనే అంది, "వరలక్ష్మీ వ్రతం మనింట్లో చేసుకోవాలని కలశం చెంబు కూడా కొనుక్కున్నాను. ఆ శుక్రవారానికి మీరొచ్చి నన్ను తీసుకెళ్ళకపోతే, ఆ తర్వాత మీరు తీసుకెళ్తానన్నా నేను రాను. మీ లౌకిక ఆషాఢంలోనే ఉండిపోతాను."

ప్రసూన గొంతు పెంచే మనిషి కాదు. అందుకే శశిధర్‌కు భయం వేసింది. ఆమె అన్నదంటే చేస్తుంది.

ఆ భయంలో అతనో తెలివితక్కువ పని చేశాడు. రేపో మాపో వచ్చేస్తుందన్న ఆశతో, ఒకనాడు ఒంటి భోజనానికి బదులు రెండు భోజనాలు చెప్పాడు. గంట తిరక్కుండా తన ఆఫీసు నుంచే తనకు తాఖీదు వచ్చింది. "తమ నివాసమునకు రెండు భోజనములు కోరబడినట్లు సంస్థ దృష్టికి వచ్చినది. ఇది అకాల శ్రావణముగా పరిగణించుటకు అవకాశమున్నది. రెండవ భోజనము ఎవరు తినెదరో సంజాయిషీ ఇవ్వవలెను." ఆకలి ఎక్కువై రెండూ తానే తింటానని సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఆరోగ్య విభాగం వాళ్ళు వచ్చి బరువు చూసి వెళ్ళారు.

ఈ సంగతి విని ప్రసూన మొదటిసారి నవ్వింది. "రెండు భోజనాలు ఒకళ్ళే చెప్పడం ఎందుకండీ? మీరొకటి చెప్పండి, నేనొకటి చెప్తాను. ఇద్దరం గోదారి గట్టు మీద కౌంటరు దగ్గర తీసుకుందాం. ఆ కౌంటరుకి గడప ఉందా?"

"లేదు. కిటికీయే."

"మరింకేం. మా అమ్మ గడప మీరు తొక్కినట్టూ కాదు, మీ గడప నేను తొక్కినట్టూ కాదు."

శశిధర్ ఎప్పుడూ ఇంటికే తెప్పించుకున్నాడు గనుక గట్టు మీద కౌంటరుకు అదే మొదటిసారి వెళ్ళడం. మధ్యాహ్నం మబ్బుగా ఉంది. గోదారి ఎర్రనీళ్ళతో నిండుగా పోతోంది. ప్రసూన తన పొట్లం తీసుకుని రావిచెట్టు కింద బెంచీ మీద కూర్చుని ఉంది. అరచేతుల నిండా గోరింటాకు పండి వేళ్ళ కొసలు ఎర్రగా మెరుస్తున్నాయి. అతను పక్కన కూర్చున్నాడు. తర్వాత ఆమె తన పప్పు అతనికి వేసి, అతని వంకాయ కూర తను తీసుకుంది. ఆ అన్నం అంత రుచిగా ఉంటుందని శశిధర్ ఏ రిపోర్టులోనూ రాసి ఉండలేదు.

కడుపు నిండాక చుట్టూ చూశాడు. గట్టు పొడుగునా బెంచీలున్నాయి. ప్రతి బెంచీ మీదా ఇద్దరు, ప్రతి ఇద్దరి మధ్యా రెండు ఒంటి భోజనాలు. ప్రతి రెండో చెయ్యీ గోరింటాకుతో ఎర్రగా ఉంది.

"ప్రసూనా, వీళ్ళంతా..."

"మనలాంటోళ్ళేనండి. మా అక్క పెళ్ళయిన ఏడు కూడా ఇక్కడికే వచ్చేది. గుడికని చెప్పి వచ్చేది. ఏ గుడో అమ్మ అడిగేది కాదు. నేనూ ఇందాక గుడికనే చెప్పాను. కొబ్బరికాయ తీసుకెళ్ళమని కూడా అనలేదు."

శశిధర్ బుర్ర తిరిగిపోయింది. ఇన్నేళ్ళూ తాను ఒంటరివాళ్ళని లెక్క వేసినవాళ్ళంతా జంటలన్నమాట. ఒక్కో జంటా రెండు ఒంటి భోజనాలుగా సంస్థ లెక్కల్లో చేరింది. ఆషాఢంలో జనం ఒంటరిగా తినడం లేదు, కలుసుకోవడానికి తింటున్నారు. అసలు కారణం ఇది.

"ఇది చెప్తే వాళ్ళ పొడిగింపు కాస్తా కుప్పకూలుతుంది. పునాదే తప్పు కదా," అన్నాడు ఉత్సాహంగా.

"చెప్పకండి," అంది ప్రసూన.

"నిజం చెప్తే మంచిదే కదా."

"మీ ఆఫీసులో మీరు నిజం చెప్పినప్పుడల్లా ఏమయిందో ఒకసారి గుర్తుచేసుకోండి."

ఆ మాట అతను వినిపించుకోలేదు. అతనికి ఒక జబ్బు ఉంది. కారణం తెలిశాక కడుపులో దాచుకోలేడు. మర్నాడే రిపోర్టు రాసి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాడు.

దక్షిణామూర్తి గారు రెండుసార్లు చదివారు. ముఖం ఎర్రబడింది. అత్యవసర సమావేశం పెట్టించారు. "అధికారులారా, ఒంటరితనంలో కల్తీ జరుగుతోంది," అన్నారు. గదిలో అందరూ నిటారుగా కూర్చున్నారు. "మన సంస్థ స్వచ్ఛమైన ఒంటరితనానికి కట్టుబడి ఉంది. పట్టపగలు, మన కౌంటర్ల ఎదుటే, మన పప్పు మార్చుకుంటూ సదరు వినియోగదారులు సంతోషంగా ఉన్నట్టు తెలుస్తోంది. దీనికి మూలమేమిటి?"

"గడప లేకపోవడమండి," అన్నాడు కాల సలహాదారు సిద్ధాంతి. ఆయనకు ఏసీకి జలుబు చేసింది. "గడప ఉంటేనే అది ఇల్లవుతుంది. ఇల్లయితేనే నియమం వర్తిస్తుంది. కిటికీ దగ్గర ఎవరు ఎవర్ని కలిసినా ఆషాఢం ఏమీ అనలేదు."

"అయితే గడపలు పెట్టిద్దాం. యుద్ధ ప్రాతిపదికన."

శశిధర్ గది పైకప్పు మూడేళ్ళుగా కురుస్తూనే ఉంది. గడపలు మాత్రం వారం తిరక్కుండా వచ్చాయి. మంచి టేకు గడపలు. వాటికి పసుపు రాసి బొట్లు పెట్టడానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టారు. ప్రతి కౌంటరు ముందూ, ఇటు గోడ గానీ అటు గోడ గానీ లేకుండా, ఉత్త నేల మీద ఒక గుమ్మం నిలబెట్టారు. పొట్లం కావాలంటే దాన్ని దాటి రావాలి. పక్కనుంచి వచ్చిన వాళ్ళను వెనక్కి పంపి దాటించారు. గట్టు మీద గడపను ప్రారంభించినప్పుడు దక్షిణామూర్తి గారు కుడికాలు ముందు పెట్టి దాటారు.

ఆ మర్నాటి నుంచి గట్టు ఖాళీ అయిపోయింది. కొత్త దంపతులు గడప చూసి జడిసిపోయారని కాదు. ఇన్నాళ్ళూ కొవ్వూరు అత్తగార్లూ రాజమండ్రి అత్తగార్లూ ఏమీ తెలియనట్టు నటిస్తూ వచ్చారు. పిల్లలు గుడికని చెప్తే తలూపారు. ఇప్పుడు పసుపు రాసిన గడప ఒకటి ఊరి నడుమ నిలబడ్డాక, తెలియనట్టు నటించడానికి వాళ్ళకు వీల్లేకపోయింది. "గుడికి నేనూ వస్తాను పద," అంది వరాలమ్మ ఆ సాయంత్రం ప్రసూనతో. నిజంగానే గుడికి వెళ్ళాల్సి వచ్చింది.

ఆ రోజు ప్రసూన ఫోనులో అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. "శుక్రవారం ఎల్లుండేనండి," అని పెట్టేసింది. శశిధర్ బాల్చీ పక్కన కూర్చుని తనను తానే తిట్టుకున్నాడు. ప్రపంచంలో ఇంకెవరైనా ఆ రిపోర్టు రాసి ఉంటే వాడిని పట్టుకుని చితకబాదేవాడు.

ఇటు ఒంటి భోజనాలు పడిపోయాయి. పడిపోవడం అంటే మామూలుగా కాదు, గీత కాగితం అంచుకు వచ్చి ఆగింది. వండిన సాంబారు వండినట్టే మిగులుతోంది. గురువారం పొద్దున్నే సమావేశం పిలిచారు.

"గిరాకీ క్షీణతకు కారణం?" అన్నారు దక్షిణామూర్తి గారు. అందరి కళ్ళూ శశిధర్ వైపు తిరిగాయి.

కారణం అతని నాలుక చివర ఉంది. టేకు గడపలు. చెప్పడానికి రెండు మాటలు చాలు. చెప్తే ఏమవుతుందో కూడా అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపించింది. గడపలు పీకేస్తారు, గట్టు మళ్ళీ నిండుతుంది, గిరాకీ లేస్తుంది, లేచింది గనుక లౌకిక ఆషాఢం దీపావళి దాకా సాగుతుంది. ప్రసూన కొన్న కలశం చెంబు అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. కారణం తెలిసి చెప్పకుండా ఉండటం అతనికి జీవితంలో అదే మొదటిసారి.

"తెలియరాలేదండి," అన్నాడు.

"ఏమిటీ?"

"కారణం తెలియరాలేదండి. అన్ని కోణాల్లోనూ పరిశీలించాను."

ఆ మాట ఆ సంస్థలో అంతకుముందు ఎవరూ అనలేదు. మూలన కూర్చున్న ఆడిట్ అధికారి, సమావేశాల్లో ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉండే మనిషి, కళ్ళు తెరిచాడు.

"కారణం తేలని ధోరణికి పద్దు లేదండి," అన్నాడు. "పూతరేకులు ఆపాలి."

"పూతరేకులు ఆపితే పుట్టిళ్ళు సహకరించవు కదా," అన్నాడు వాణిజ్య విభాగాధికారి.

"సహకరించకపోతే పథకం ఉండదు. పథకం లేకపోతే దానికో మాసం ఎందుకండి? ఆషాఢం కూడా ఆపాలి."

దక్షిణామూర్తి గారు సిద్ధాంతి వంక చూశారు. సిద్ధాంతి తన కారు వంక చూసుకున్నాడు. ఆడిట్ మాటకు ఎదురు చెప్పడానికి శాస్త్రంలోనూ వీలు కనిపించలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు ఉత్తర్వు వెలువడింది: "లౌకిక ఆషాఢము తక్షణము ముగిసినట్లు భావించవలెను. ఉద్యోగులు యథావిధిగా శ్రావణములో ప్రవేశించవలెను."

శశిధర్ సెలవు చీటీ పడేసి, సిరా ఆరకుండానే వంతెన ఎక్కాడు. కొవ్వూరులో మామగారు వీధరుగు మీద కూర్చుని రోడ్డు చివరి దాకా చూస్తున్నారు. అల్లుణ్ణి చూసి లేచారు గానీ, చేతుల్లో పొట్లం లేదని గమనించి కాస్త నీరసపడ్డారు. వరాలమ్మ గుమ్మంలోకి వచ్చి, "రండి బాబూ, లోపలికి రండి, ఇంక పరవాలేదు," అంది. ప్రసూన సంచి సర్దుకుని, చంకలో అట్టపెట్టె పెట్టుకుని, అప్పటికే తయారుగా ఉంది.

వంతెన మీద ఆటోలో వస్తూ అడిగింది. "ఈసారి ఏం చెప్పారండీ?"

"కారణం తెలియలేదన్నాను."

ప్రసూన అతని ముఖంలోకి చూసి, ఎర్రటి చేత్తో అతని చెయ్యి పట్టుకుంది. గోదారి దాటేదాకా వదల్లేదు.

శుక్రవారం వ్రతం ముచ్చటగా జరిగింది. శనివారం శశిధర్ ఆఫీసుకు వచ్చేసరికి వాన మొదలైంది. బాల్చీ సరిచేసి, మధ్యాహ్నం క్యారియర్ విప్పుతుండగా తలుపు దగ్గర అలికిడి అయింది. దక్షిణామూర్తి గారు. ఆయన ఆ మేడ ఎక్కడం అదే మొదలు. సంస్థలో వేడివేడి పొట్లాలు ఎవరూ తీసుకోక కింద పేరుకున్నాయి. ఆయనకూ ఆకలిగానే ఉన్నట్టుంది, పొట్లాల జోలికి మాత్రం వెళ్ళినట్టు లేదు.

ఆయన బాల్చీని తప్పించుకుని వచ్చి, శశిధర్ లేచి ఖాళీ చేసిన ఆ ఒక్క కుర్చీలో కూర్చున్నారు. క్యారియర్‌లోని పూర్ణం బూరెల వంక చూశారు. శశిధర్ ఒకటి తీసి ఇచ్చాడు. ఆయన దాన్ని సమగ్ర దృక్పథంతో తిన్నారు. చెయ్యి చాపితే శశిధర్ రెండోది కూడా ఇచ్చాడు.

"ఇవి మన కౌంటర్లలో ముందస్తుగా చెప్పుకుంటే దొరుకుతాయా?" అన్నారు, నేతి వేళ్ళు తుడుచుకుంటూ.

"దొరకవండి."

"కారణం?"

శశిధర్ మూడో బూరె ఆయన చేతిలో పెట్టాడు.

"తెలియరాలేదండి," అన్నాడు.